గ్రేడు పది హైమావతి

ఒక పిల్లని కబడ్డీ ఆడకుండా ఆపడానికి ప్రభుత్వానికి ఎన్ని పదాలు కావాలి?

పంతొమ్మిది. ఊహించి చెప్పడం లేదు. ఆ పంతొమ్మిదీ నేనే రాశాను.

నా పేరు కింతలి జనార్దనరావు. జిల్లా క్రీడా ప్రోత్సాహక కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుని. ముప్ఫై ఒక్క సంవత్సరాల సర్వీసులో బంతిని ముట్టుకున్నది ఒక్కసారి. అది కూడా స్టాకు తనిఖీలో, గాలి ఉందో లేదో నొక్కి చూడటానికి. లేదు. లేదని రాసి సంతకం పెట్టాను.

మా సంచాలకులు శ్రీ ఇందుశేఖర్ గారు స్టేడియాల పరిశీలన నిమిత్తం పదకొండు రోజుల విదేశీ యాత్రకు వెళ్ళారు. స్టేడియాలు చూశారో లేదో తెలియదు గానీ ఒక వేలంపాట మాత్రం చూశారు. పేకముక్కంత అట్ట మీద ఎప్పుడో పోయిన ఆటగాడి బొమ్మ. దానికి పలికిన ధరతో మా జిల్లాలో కొత్త బస్టాండు కట్టేయవచ్చు. అయ్యగారు తిరిగొచ్చిన సోమవారం ఉదయమే అందరినీ సమావేశపరిచారు.

"ఇన్నాళ్ళూ మనం క్రీడాకారులపై దృష్టి సారించి కార్డులను నిర్లక్ష్యం చేశాం. ఇది విధానపరమైన లోపం," అన్నారు. "క్రీడాకారుడు వయోభారానికి లోనవుతాడు. గాయపడతాడు. ఓడిపోతాడు. కార్డుకు ఈ బలహీనతలు ఏవీ లేవు."

టీలు వచ్చాయి. మధ్యాహ్నానికల్లా క్రీడా కార్డుల ప్రోత్సాహక విభాగం పుట్టింది. సాయంత్రానికి దానికో రబ్బరు స్టాంపు వచ్చింది.

చిక్కంతా పదాలతో వచ్చింది. రూకీ, మింట్, స్లాబ్ అంటూ అయ్యగారు విదేశం నుంచి ఒక బస్తాడు మాటలు తెచ్చారు. వాటి అర్థం ఆయనకీ పూర్తిగా తెలియదు. మా కార్యాలయంలో ఒక నియమం ఉంది. ఆమోదించిన పదకోశంలో లేని మాట ఫైలులో కనపడకూడదు. కనక ముందు పదకోశం తయారవ్వాలి. ఎవరు చెయ్యాలి? తలుపుకి దగ్గరగా కూర్చున్నవాడు. నాలుగు రోజులు గడువిచ్చారు.

నేను నేరుగా గఫార్ దగ్గరికి వెళ్ళాను.

కలెక్టరాఫీసు ఎదురుగా జిరాక్సు, లామినేషన్ దుకాణం గఫార్‌ది. చిన్నప్పుడు బబుల్‌గమ్ పొట్లాల్లో వచ్చిన క్రికెటర్ల కార్డులతో మొదలుపెట్టి ఇప్పటికి రెండు వేల పైచిలుకు పోగు చేశాడు. ఆ ఆల్బమ్‌ని ఇంటావిడని కూడా ముట్టుకోనివ్వడు. ముప్ఫై ఏళ్ళుగా ఎవరైనా అడుగుతారేమోనని ఎదురుచూసిన ప్రశ్న నేను అడగ్గానే, దుకాణం ముందున్న జనాన్ని మధ్యాహ్నం రమ్మన్నాడు. చేతులు కడుక్కుని, తుడుచుకుని, నన్ను రెండడుగులు వెనక్కి జరగమని ఆల్బమ్ తెరిచాడు.

రూకీ అంటే ఆటగాడి మొదటి ఏడాది కార్డు. అన్నిటికన్నా విలువ దానికే. మింట్ అంటే అచ్చులోంచి ఎలా వచ్చిందో అలాగే ఉండటం. గ్రేడు అంటే ఒకటి నుంచి పది దాకా వేసే మార్కు. మూలలు నలగలేదా, అంచులు అరగలేదా, పైన గీతలు పడలేదా, బొమ్మ సరిగ్గా మధ్యన ఉందా అని చూసి వేస్తారు. గ్రేడు వేశాక గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి, మళ్ళీ తెరవడానికి వీల్లేకుండా అతికేస్తారు. అదే స్లాబ్. ఒక గ్రేడులో లోకం మొత్తం మీద ఎన్ని కార్డులున్నాయో చెప్పే లెక్క పాపులేషన్. అది ఎంత తక్కువైతే కార్డు అంత గొప్పది. ఇలా ఒక్కొక్కటే చెబుతూ పోయాడు, నేను రాసుకుంటూ పోయాను.

మరి లామినేషన్ చేయిస్తే ఇంకా భద్రం కదా అని అడిగాను. గఫార్ మొహం మాడిపోయింది. లామినేషన్ చేస్తే కార్డు చచ్చిపోయినట్టేనన్నాడు. అతని వెనక మెషీనులోంచి ఎవరిదో మరణ ధ్రువపత్రం వెచ్చగా బయటికొస్తోంది.

కార్డుకి శత్రువులు ఎవరని ఆఖరి ప్రశ్న వేశాను.

"ఎండ, తేమ, చెయ్యి. మూడోదే ఎక్కువ ప్రమాదం," అన్నాడు. "జనార్దనం గారూ, చిన్నప్పుడు వీటితో మేం ఆడుకునేవాళ్ళం. ఆడిన కార్డులన్నీ పోయాయి. ఆడనివే మిగిలాయి."

ఆ మాట నాకు నచ్చింది. ఉన్నదున్నట్టు రాసుకున్నాను. రాసుకోకుండా ఉండాల్సింది.

పదకోశం నమూనా పత్రంలో చివర రెండు గడులున్నాయి. 'కార్డుకు వర్తించునా', 'క్రీడాకారునికి వర్తించునా'. వర్తిస్తే టిక్కు పెట్టాలి. ఇక్కడ మా కార్యాలయం పద్ధతి కొంత చెప్పాలి. గడి ఖాళీగా వదిలితే ఫైలు వెనక్కి వస్తుంది. ఎందుకు ఖాళీగా ఉంచారో వివరణ ఇవ్వాలి. ఆ వివరణ మీద ఇంకో ప్రశ్న వస్తుంది. టిక్కు పెట్టినవాణ్ణి మాత్రం ఎందుకు పెట్టావని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఒకసారి పశుగణనకు డిప్యుటేషన్ మీద వేస్తే, ఒకే జంతువుకి పాడి ఆవు దగ్గరా దున్నపోతు దగ్గరా టిక్కు పెట్టాను. సమయానికి పూర్తి చేసినందుకు ప్రశంసాపత్రం ఇచ్చారు.

కనక పంతొమ్మిది పదాలకీ రెండు గడుల్లోనూ టిక్కులు పెట్టాను. అయ్యగారు సంతకం చేశారు. పుస్తకం అచ్చయింది. కార్డుకి చెప్పిందంతా మనిషికి కూడా వర్తిస్తుందని ప్రభుత్వం ముద్ర వేసిందన్న సంగతి ఎవరూ గమనించలేదు. నేను కూడా.

తరవాత నలభై మంది జిల్లా క్రీడాకారులకి కార్డులు వేయించారు. గ్రేడు వేయడానికి మనిషి కావాలి. కార్డులకి గ్రేడు వేసినవాడు జిల్లాలో ఎవడూ లేడు. గ్రేడు అన్న మాట ఉద్యోగంలో ఉన్నవాడు మాత్రం ఒకడు దొరికాడు. మార్కెటింగు శాఖలో ఇరవై రెండేళ్ళుగా జీడిపప్పుకి గ్రేడు వేస్తున్న పట్నాయక్. పప్పుని దోసిట్లోకి తీసుకుని, ఇది గుండు, ఇది బద్ద, ఇది ముక్క అని కళ్ళు మూసుకుని చెప్పగలడు. డిప్యుటేషన్ మీద వచ్చి, మొదటి కార్డుని అలవాటుగా వాసన చూశాడు. ఆ తరవాత కుదురుకున్నాడు. ముప్ఫై తొమ్మిది కార్డులకి మూలల దగ్గరో అంచుల దగ్గరో వంక పెట్టి, ఒక్కదానికి పదికి పది వేశాడు.

ఆ కార్డు బెవర హైమావతిది.

హైమావతికి పంతొమ్మిదేళ్ళు. ఊరు గెడ్డవానిపాలెం. తల్లి జీడి ఫ్యాక్టరీలో పప్పుకి పొట్టు తీస్తుంది. పిల్ల కబడ్డీలో కూతకి వెళ్ళిందంటే అవతలి ఏడుగురూ వెనక గీత దగ్గరికి వెళ్ళిపోతారు. ఆ నెల పద్ధెనిమిదిన పక్క జిల్లాలో రాష్ట్ర జూనియర్ జట్టుకి ఎంపిక ఉంది. ఎంపికైతే శిక్షణ కేంద్రంలో సీటు, మూడు పూటలా తిండి, చదువు. కాకపోతే ఫ్యాక్టరీలో అమ్మ పక్కన పీట. మళ్ళీ ఏడాది చూద్దామనడానికి లేదు. వచ్చే నెల ఏడో తారీఖుకి ఆమెకి ఇరవై నిండుతాయి. జూనియర్ కాకుండా పోతుంది.

కార్డుని పెట్టెలో పెట్టి అతికిన మర్నాడు సంరక్షణ ఉత్తర్వు వెలువడింది. నా పదకోశాన్నే ముందు పెట్టుకుని తయారు చేశారు. 'గ్రేడు పది పొందిన కార్డు మరియు క్రీడాకారిణి ఎండ, తేమ, ధూళి, హస్తస్పర్శలకు గురికాకుండా భద్రపరచబడవలెను. అంచులకు ఒరిపిడి కలిగించు ఎట్టి వినియోగమునూ నిషేధించడమైనది.' చివర మింట్ అన్న పదానికి నేను రాసిన అర్థం యథాతథంగా ఉంది. 'ఆడబడని స్థితి.'

కార్డు సంచాలకుల గదిలో బీరువాలోకి వెళ్ళింది. హైమావతి పై అంతస్తులో ఏసీ ఉన్న అతిథి గదిలోకి వెళ్ళింది. ఇరవై రెండు డిగ్రీలు. కిటికీకి నల్ల తెర. తెల్ల నూలు చేతితొడుగులతో ఇద్దరు ఆయాలు. వేళకి భోజనం. భోజనం అయ్యాక నాలుగు వైపుల నుంచీ ఫోటో తీసి, నిన్నటి ఫోటోతో పోల్చి చూసేవారు.

మూడో రోజు తల్లి వచ్చింది. నాలుగడుగుల దూరం నుంచి చూడవచ్చని చెప్పాం. ఆవిడ కూతుర్ని తెర సందులోంచి చాలాసేపు చూసి నా వైపు తిరిగింది.

"మా గుంటకేటైనా అంటురోగమా బాబూ?"

రోగం కాదు, గ్రేడు వచ్చిందన్నాను. ఎంతని అడిగింది. పదికి పది అన్నాను. ఇరవయ్యేళ్ళు పొట్టు తీసిన మనిషి కదా, ఆ సంగతి ఆవిడకి తేలిగ్గానే అర్థమైంది. మంచి గుండు పప్పుని డబ్బాలో పెట్టి సీలు వేస్తారని తెలుసు. కానీ డబ్బాలో పెట్టింది ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు తినడానికే కదా బాబూ అని మాత్రం అంది. దరఖాస్తు రాసివ్వమన్నాం.

ఈలోగా మిగతా పదాలు కూడా పనిలోకి దిగాయి. రూకీకే విలువ కనక జిల్లాలో ప్రతి క్రీడాకారుడూ ప్రతి సంవత్సరం మొదటి ఏడాదివాడిగానే నమోదు కావాలని ఇంకో ఉత్తర్వు. పద్నాలుగేళ్ళుగా ఈటె విసురుతున్న ఒక పెద్దమనిషిని కూర్చోబెట్టి, ఈటెకి ఏ వైపు మొన ఉంటుందో నేర్పే తరగతికి పంపారు. ఆయన శ్రద్ధగా రాసుకున్నాడు, హాజరు వేయకపోతే బస్సు పాసు రాదు. పాపులేషన్ తక్కువ ఉండాలి కనక, హైమావతితో పాటు కూతకి వెళ్ళే ఆరుగురు అమ్మాయిలకీ ఇకపై మీరు గుండు విసరండని తాఖీదులు వెళ్ళాయి. వాళ్ళు గుండు ఎత్తి చూసి, దింపేసి, ఇళ్ళకి పోయారు. మైదానంలో గడ్డి ఏపుగా పెరిగింది. పచ్చదనానికి జిల్లాలో రెండో బహుమతి వచ్చింది మాకు.

పదకొండో తారీఖున నేను ఏదో సంతకానికి పైకి వెళ్ళాను. హైమావతి గది మధ్యలో చెప్పులు విప్పి, నేల మీద సబ్బుముక్కతో గీసుకున్న గీత దగ్గర వంగి నిలబడి ఉంది. నన్ను చూసి లేచింది.

"పదకోశం మీరేనంట కదా రాసినారు," అంది.

అవునన్నాను.

"ఏడు రోజులుంది సార్. నా కాళ్ళు మొద్దుబారిపోతన్నాయి. నన్నెందుకు దాసినారు? నానేటి పగిలిపోతానా?"

కార్డు విలువ తగ్గుతుందన్నాను. నా గొంతు నాకే ఫైలులా వినపడింది.

"కార్డు దాసుకోండి. ఎవులొద్దన్నారు. ఆడేది నాను కదా."

మీ ఇద్దరికీ కలిపి టిక్కు పెట్టాను అని చెప్పాలి. దాని బదులు పరిశీలిస్తామన్నాను. ఆ మాట విన్న మనిషి మొహం ఎలా ఉంటుందో ముప్ఫై ఒక్క ఏళ్ళలో అప్పుడే మొదటిసారి తలెత్తి చూశాను. బాగుండలేదు.

మర్నాడు ఆమె కోచ్ సింహాచలం మాస్టారు వచ్చాడు. బడిలో పి.ఇ.టి.గా చేసి రిటైరైన మనిషి. ఎవరి ముందూ కూర్చోడు. సంచాలకుల గదిలో నిలబడే, పిల్లని ఎంపికకి పంపండని నాలుగు ముక్కల్లో అడిగాడు. అయ్యగారు ఓపిగ్గా వివరించారు.

"మాస్టారూ, తాము భావోద్వేగ కోణంలో చూస్తున్నారు. ఆడితే గెలవవచ్చు, ఓడవచ్చు. ఆడకపోతే ఓటమి అన్న ప్రశ్నే ఉత్పన్నం కాదు. ఈ జిల్లా చరిత్రలో ఓడిపోవడానికి అవకాశమే లేని తొలి క్రీడాకారిణి హైమావతి. దీన్ని తాము గర్వంగా స్వీకరించాలి."

ఎంపికకి వెళ్ళకపోతే ఎలా ఎంపికవుతుందని మాస్టారు అడిగాడు. అయ్యగారు రెండు నిమిషాలు కళ్ళు మూసుకున్నారు. తెరిచాక, పరిష్కారం దొరికిందన్నారు.

కార్డుని పంపుదాం.

ఆ పూటే ఎంపిక సంఘానికి లేఖ వెళ్ళింది. సదరు క్రీడాకారిణికి బదులుగా పదికి పది గ్రేడు ధ్రువీకరించబడిన ఆమె కార్డును అధీకృత ప్రతినిధి వెంట పంపుచున్నామని, దానిని క్రీడాకారిణిగా పరిగణించవలసిందని. అక్కడ ఉన్నదీ మాలాంటి కార్యాలయమే. రెండు రోజుల్లో జవాబు వచ్చింది. జూనియర్ బాలికల బరువు అరవై అయిదు కిలోలు మించరాదు, పెట్టెతో సహా కార్డు బరువు నలభై గ్రాములు కనక అభ్యంతరం లేదు. వయసు ఇరవై లోపు ఉండవలెను, కార్డు వయసు పదహారు రోజులు కనక అభ్యంతరం లేదు. అయితే కూతకు వెళ్ళునప్పుడు 'కబడ్డీ కబడ్డీ' అను శబ్దము రిఫరీకి స్పష్టంగా వినిపించవలెను. ఈ విషయంలో కార్డు సామర్థ్యం తెలుపగలరు.

అయ్యగారు దీన్ని విజయంగానే తీసుకున్నారు. మూడింట రెండు దాటేశాం అన్నారు. కార్డుకి చిన్న స్పీకరు అమర్చే సాధ్యాసాధ్యాలపై ఉపసంఘం వేశారు. నివేదికకి మూడు వారాలు గడువు.

ఎంపికకి నాలుగు రోజులుంది.

నేను గొడుగు కూడా తీసుకోకుండా గఫార్ దుకాణానికి పరిగెత్తాను. పరిగెత్తడమే. దారిలో ఇద్దరు తెలిసినవాళ్ళు ఎవరికి బాగాలేదని అడిగారు.

"గఫార్, వాడిన కార్డుకి విలువ పోతుందన్నావు. వాడితే విలువ పెరిగేది ఏదీ లేదా మీ లోకంలో?"

గఫార్ నా ఆయాసం తగ్గేదాకా చూసి, ఆల్బమ్ చివరి పేజీ తిప్పాడు. ఒక కార్డు మధ్యలో చిన్న కిటికీ, కిటికీలో గోరంత గుడ్డముక్క ఉన్నాయి.

"ఇది జెర్సీ ముక్క కార్డు. ఆటగాడు నిజం మ్యాచ్‌లో తొడిగిన జెర్సీలోంచి కత్తిరించి పెడతారు. మామూలు కార్డుకి పదింతలు. ముక్క మీద మట్టి మరక ఉందనుకోండి, అడగక్కర్లేదు."

హాంగరుకి తగిలించి మట్టి పూస్తే కుదురుతుందా అని అడిగాను, మా అయ్యగారు తప్పకుండా అడగబోయే ప్రశ్న అది. కుదరదన్నాడు. ఫలానా మ్యాచ్‌లో ఫలానా మనిషే తొడిగి ఆడిందని చూసినవాళ్ళు సంతకం పెట్టాలి. లేకపోతే అది గుడ్డపేలిక.

ఆ మధ్యాహ్నం పదకోశానికి అనుబంధం తయారు చేశాను. ఇరవయ్యో పదం. 'జెర్సీ ముక్క: నిజమైన పోటీలో క్రీడాకారిణి ధరించి ఆడిన జెర్సీ నుండి కత్తిరించి కార్డులో పొదిగిన గుడ్డ. మరక ఉన్నచో విలువ హెచ్చును.' కార్డుకు వర్తించునా? టిక్కు. క్రీడాకారునికి వర్తించునా? పెన్ను ఆ గడి మీదే ఆగిపోయింది. ముప్ఫై ఒక్క ఏళ్ళ చెయ్యి అది, దాని దారిన అది వెళ్ళిపోబోయింది. ఎడమ చేత్తో పట్టుకుని ఆపాను. గడి ఖాళీగా వదిలాను.

ఊహించినట్టే ఫైలు వెనక్కి వచ్చింది. రెండో గడి ఎందుకు ఖాళీ? 'క్రీడాకారిణిని కత్తిరించుటకు ప్రస్తుత నిబంధనలు అనుమతించవు' అని రాశాను. 'ప్రస్తుతానికి అంగీకరించడమైనది' అని అయ్యగారు సంతకం చేశారు. ఆ తరవాత అర్థం చదివారు. మరక అన్న మాట దగ్గర ఆగి, అద్దాలు తీసి తుడుచుకున్నారు. ఇలాంటి పదం మొదట్లోనే ఎందుకు చేర్చలేదని నన్ను మందలించారు కూడా.

పదిహేడో తారీఖు సాయంత్రం ఉత్తర్వు వచ్చింది. ఏడో నంబరు జెర్సీని వాడకపు స్థితికి తెచ్చు నిమిత్తం మాత్రమే హైమావతి పోటీలో పాల్గొనవచ్చు. జెర్సీ తగినంత వాడబడినదని పట్నాయక్ ధ్రువీకరించిన తక్షణమే దానిని స్వాధీనం చేసుకొనవలెను. నేను సాక్షిని.

పద్ధెనిమిది ఉదయం ఎనిమిదిన్నరకి మైదానానికి చేరాం. షామియానా కింద నలుగురు ఎంపికదారులు, ఒక్కొక్కరి ముందు ఒక కాగితం. గీత పక్కన కుర్చీలో పట్నాయక్, ఒళ్ళో కత్తెర, జిప్పు సంచీ. సింహాచలం మాస్టారు ఇక్కడా కూర్చోలేదు. ఆ రోజు చూపించే ఆట ఒక్కటే, రెండు సగాలు.

మొదటి సగం చూడలేకపోయాను. పద్ధెనిమిది రోజులు ఇరవై రెండు డిగ్రీల్లో ఉన్న కాళ్ళు అవి. మొదటి కూతకి వెళ్ళి ఉత్త చేతులతో తిరిగొచ్చింది. రెండోసారి చీలమండ దొరకబుచ్చుకుని నలుగురు మీద పడ్డారు. మూడోసారి గీతకి చెయ్యంత దూరంలో లాగేశారు. ఎంపికదారుల్లో ఒకాయన ఆమె పేరు ఎదురుగా ఏదో రాసి, కాగితం తిప్పేశాడు. విశ్రాంతి ఈల వేశారు. ఆమె జట్టు తొమ్మిది పాయింట్లు వెనకపడి ఉంది.

పట్నాయక్ ఆమెని దగ్గరకి పిలిచాడు. జెర్సీ భుజం దగ్గర చిరిగింది. వీపంతా ఎర్రమట్టి, చెమట. అటూ ఇటూ తిప్పి చూసి, వాడకం సరిపోయిందని ఫారం మీద రాయడానికి పెన్ను తీశాడు. అప్పుడే ఫోను మోగింది. అయ్యగారు. మరక పడిందా అని అడిగారు. పడిందన్నాడు. అయితే వెంటనే విప్పించి పట్టుకొచ్చేయమన్నారు.

ఏడో నంబరు జెర్సీ ఇచ్చేస్తే ఆమె రెండో సగం ఆడటానికి లేదు. పట్టికలో ఉన్న నంబరు తొడుక్కోకుండా గీత దాటనివ్వరు. మాస్టారు మొహం పక్కకి తిప్పుకున్నాడు. నేను నోరు తెరిచాను గానీ అందులోంచి ఏ నిబంధనా రాలేదు.

హైమావతి మోకాలి మీద రక్తం తుడుచుకుని పట్నాయక్ ముందు గొంతుక్కూర్చుంది.

"మా అమ్మ మీ గ్రేడింగు బల్ల దగ్గరే పన్జేసింది సార్. మీ పేరు సెప్తాది. అందరికన్నా కచ్చితం అంటాది."

పట్నాయక్ పెన్ను ఆపాడు. ఏ ఫ్యాక్టరీ అని అడిగాడు. చెప్పింది.

"సగం ఆరిన పప్పుని గ్రేడుకి కూకోబెడతారేటి సార్?"

ఆ ప్రశ్నకి ఉద్యోగంలో ఒక్కటే జవాబుంది, అది ఇరవై రెండేళ్ళుగా తెలిసిందే. ఆరని పప్పుకి పొట్టు రాదు. పొట్టు రాని పప్పుకి గ్రేడు వేసినవాడు ఆ బల్ల దగ్గర మళ్ళీ తలెత్తుకోలేడు. జెర్సీని ఇంకోసారి వేళ్ళతో పట్టుకుని చూశాడు. ఫోను ఇంకా చెవి దగ్గరే ఉంది.

"లేదు సార్, ఇంకా ఆరలేదు," అని ఫోనులో చెప్పి, దాన్ని ఆపేసి, కత్తెరని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు.

రెండో సగంలో హైమావతి కాళ్ళకి ప్రాణం వచ్చింది. మొదటి కూతకి ఇద్దరిని తాకి వచ్చింది. తరవాతిసారి మూలనున్న పిల్ల పట్టుకోబోతే ఆమె మీద నుంచి దూకి గీత అవతల పడింది. మోచెయ్యి చెక్కుకుపోయింది, చూసుకోలేదు. తిరగేసిన కాగితాన్ని ఎంపికదారు మళ్ళీ తిప్పాడు. చివరి కూతకి వెళ్ళింది. గుక్క తిప్పుకోకుండా కూత పెట్టింది. ముగ్గురిని తాకి, నాలుగోదాని చేతుల్లోంచి జారి, వేలి కొసతో గీత అందుకుంది. ఆమె జట్టు ఒక పాయింటుతో గెలిచింది. సాయంత్రం చదివిన పేర్లలో ఆమెది మూడోది. పట్నాయక్ ఫారంలో 'సంపూర్ణ వాడకం' అని రాసి, జెర్సీని మడతపెట్టి, అలవాటుగా ఒకసారి వాసన చూసి సంచీలో పెట్టాడు.

ఇక మా కార్యాలయం గురించి. ఆ ముక్క చూసి అయ్యగారు ఎంత పరవశించారంటే, మర్నాడే నెలకి అరవై మరక జెర్సీల లక్ష్యం పెట్టారు. గుండు విసరమన్న ఆరుగురినీ జీపు పంపించి మరీ వెనక్కి పిలిపించారు. మైదానంలో గడ్డి పీకించారు. పొద్దుటి నుంచి ఆటలే. ఆటని మాత్రం ఎవరూ చూడరు, మరక చూస్తారు. మార్చిలో లక్ష్యానికి ఇంకా పదకొండు తక్కువ పడితే సిబ్బందినే దింపారు. నాకు నలభై ఒకటో నంబరు ఇచ్చారు. సంచాలకుల వారు అవతలి జట్టు. ఆయన్ని పట్టుకోవాలంటే ముందు ఫైలు పెట్టాలేమోనని ఎవరూ ముట్టుకోలేదు, అలా పన్నెండు పాయింట్లు సాధించారు.

ఆ నెలలోనే ఆస్తుల స్థితి నివేదిక పంపాల్సి వచ్చింది. గ్రేడు పది ఆస్తి ఒకటి జిల్లా దాటి వెళ్ళింది కనక, దాన్ని స్వయంగా చూసి రాయాలి. సరిగ్గా అప్పుడే హైమావతి శిక్షణ కేంద్రం నుంచి రెండు రోజుల సెలవు మీద వచ్చింది. నా బల్ల ముందు కూర్చోబెట్టి ఫారం తీశాను. మోచేతి మీద కొత్త మచ్చ. ఎడమ చెంప కమిలి ఉంది. ముందు పన్ను ఒకటి కొంచెం విరిగింది. మూలలు, అంచులు, పై నునుపు, అన్నీ పోయాయి. పట్నాయక్‌ని పిలిచి చూపిస్తే, బద్ద కింద కూడా రాదన్నాడు, నవ్వు దాచుకుంటూ.

రాష్ట్ర పోటీలు ఏమయ్యాయని అడిగాను.

"సెమీస్‌లో ఓడిపోయినాం సార్," అంది. ఆ మాట చెబుతూ కుర్చీలో ముందుకి జరిగింది. "రెండు పాయింట్లు. ఆకరి కూత నాదే. ఆలు ఐదుగురు సార్, నా నడుం పట్టుకున్న పిల్ల ఉంది సూడండి, దాని చేతులు ఇనుమే. నానూ ఇడిసిపెట్టనేదు. గీత దాకా ఈడ్సుకెళ్ళినాను ఐదుగురినీ. గోరంత దూరం. అబ్బ, ఏం ఆట సార్ అది."

లేచి నిలబడింది. నా బల్లకీ బీరువాకీ మధ్య ఉన్న జాగాలో ఆ పిల్ల ఎటు నుంచి వచ్చిందో, తను ఎటు వంగిందో చూపించడం మొదలుపెట్టింది. పక్క సెక్షను వాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. అరగంట పట్టింది. ఎవరూ ఫోను ఎత్తలేదు.

ఆమె వెళ్ళాక ఫారం ముందుకి లాక్కున్నాను. ఆస్తి పేరు, హైమావతి. గతంలో గ్రేడు, పది. ప్రస్తుత గ్రేడు, లేదు. ఆఖరి గడిలో, విలువ తగ్గుటకు కారణం అని ఉంది.

ఆడింది, అని రాశాను.